ప్రాణం తీసినవాడికి సాయంత్రానికల్లా స్టేషన్ బెయిల్. మరి జైల్లో ఉంటున్నది ఎవరు?

నాగోలు_వంశీ · ఆదివారం, రాత్రి 10:20

అందరికీ నమస్కారం. పోయిన నెల మా చిన్నాయన తెల్లవారుజామున పాల ప్యాకెట్లు దించే పనికి వెళ్తుంటే నాగోలు–ఎల్బీనగర్ రోడ్డు మీద ఒక కారు వెనక నుంచి గుద్దింది. ప్రాణం అక్కడికక్కడే పోయింది. కారు ఆగలేదు. సీసీ కెమెరాలో నంబరు పడింది కాబట్టి దొరికింది. నడిపినవాడు మధ్యాహ్నం లాయర్‌ని వెంటబెట్టుకుని స్టేషన్‌కు వచ్చాడు, సాయంత్రానికి ఇంటికి వెళ్లిపోయాడు. మేమింకా మార్చురీ దగ్గరే ఉన్నాం.

స్టేషన్‌లో అడిగితే, ‘బెయిలబుల్ సెక్షన్ బాబూ, లోపల పెట్టడానికి మాకు పవర్ లేదు’ అన్నారు. మూడో రోజు వాళ్ల మనిషి ఒకాయన కవర్లో డబ్బులు పెట్టుకుని ఇంటికొచ్చాడు, రాజీ చేసుకుందామని. చిన్నమ్మ ఆ కవర్ ముట్టుకోలేదు. ఆమె అడిగేది ఒకటే మాట: ‘ఫోన్ దొంగతనం చేసినోణ్ణి జైల్లో పెడతారు గదా, మనిషిని చంపినోణ్ణి ఎందుకు పెట్టరు?’

నా దగ్గర జవాబు లేదు. తెలిసినవాళ్లు చెప్పండి. కేసు తేలేదాకా అతన్ని లోపల ఉంచే దారి ఏమైనా ఉందా?

మణికొండ_శ్రీలత · ఆదివారం, రాత్రి 10:52

వంశీ గారూ, చదువుతుంటే ఒళ్లు మండిపోతోంది. 2016 జూలై 1న పంజాగుట్టలో ఏం జరిగిందో ఈ ఊళ్లో ఎవరూ మర్చిపోలేదు. తాగిన కుర్రాళ్ల కారు డివైడర్ దాటి ఎదురుగా వస్తున్న కారు మీద పడింది. స్కూల్ నుంచి ఇంటికొస్తున్న చిన్న పాప చనిపోయింది. అప్పుడు ఊరంతా రోడ్డెక్కింది. ఆ తర్వాత ఎన్ని చూశాం? ప్రతిసారీ అదే కథ. నా మటుకు నాకు ఒకటే రూల్ ఉండాలి. బండి కింద మనిషి చనిపోతే, నడిపినవాడు తీర్పు వచ్చేదాకా జైల్లోనే ఉండాలి. అప్పుడుగానీ యాక్సిలరేటర్ మీద కాలు జాగ్రత్తగా పడదు.

నాంపల్లి_వకీలు · ఆదివారం, రాత్రి 11:35

వంశీ గారూ, ముందుగా మీ కుటుంబానికి నా సానుభూతి. నేను క్రిమినల్ కోర్టులో ప్రాక్టీసు చేస్తాను. మీ చిన్నమ్మగారు అడిగిన ప్రశ్న చట్టపరంగా కూడా సరైన ప్రశ్నే. దొంగతనం నాన్ బెయిలబుల్. నిర్లక్ష్యంగా బండి నడిపి ప్రాణం తీయడం బెయిలబుల్. పుస్తకంలో అలాగే ఉంది.

పాత ఐపీసీలో ఇది 304ఏ. గరిష్ఠ శిక్ష రెండేళ్లు, లేదా జరిమానా, లేదా రెండూ. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 106(1) అయింది. శిక్ష ఐదేళ్ల దాకా పెరిగింది, జరిమానా తప్పనిసరి. కానీ బెయిలబుల్‌గానే ఉంచారు. బెయిలబుల్ అంటే పూచీకత్తు ఇస్తే వదలాల్సిందే, ఎస్సైకి వేరే దారి లేదు. దానికి తోడు ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో యాంత్రికంగా అరెస్టు చేయొద్దని సుప్రీంకోర్టు 2014లో అర్నేష్ కుమార్ కేసులో చెప్పింది. అందుకే చాలా కేసుల్లో నోటీసు చేతికిచ్చి పంపేస్తారు.

లోపల ఉంచాలంటే సెక్షన్ 105 పడాలి. హత్య కిందకు రాని ప్రాణహరణం, పాత 304. దాని రెండో భాగం కింద పదేళ్ల దాకా శిక్ష, నాన్ బెయిలబుల్, సెషన్స్ కోర్టు విచారణ. అది నిలబడాలంటే నిర్లక్ష్యం ఒక్కటే చాలదు. తాను చేసే పని వల్ల మనుషులు చచ్చిపోయే అవకాశం ఉందని అతనికి తెలుసని చూపించాలి. ముంబైలో 2006లో ఫుట్‌పాత్ మీద నిద్రపోతున్న కూలీల మీదకు కారు ఎక్కించిన అలిస్టర్ పరేరా కేసులో ఏడుగురు చనిపోయారు. తాగి, వేగంగా నడిపాడు కాబట్టి ఆ ఎరుక ఉన్నట్టేనని 2012లో సుప్రీంకోర్టు ఒప్పుకుంది. కారుతో మనుషుల్ని గుద్ది చంపిన ఢిల్లీ బీఎండబ్ల్యూ కేసులోనూ అదే ఏడాది అదే సెక్షన్‌ను నిలబెట్టింది.

కాబట్టి అసలు ప్రశ్న: ఆ రోజు అతను తాగి ఉన్నాడా? అందుకు ఆధారం ఏదైనా మిగిలిందా?

పాత_ఖాకీ · సోమవారం, ఉదయం 6:10

వకీలు గారు సరైన చోట వేలు పెట్టారు. నేను డిపార్ట్‌మెంట్‌లో పనిచేసి రిటైరయ్యాను. ఎన్నో యాక్సిడెంట్ పంచనామాలు రాశాను, వాటిలో నేర్చుకున్నది చెప్తాను.

మన దగ్గర డ్రంక్ అండ్ డ్రైవ్ లిమిట్ 100 మిల్లీలీటర్ల రక్తానికి 30 మిల్లీగ్రాములు. ఒంట్లోంచి మందు గంటకు సుమారు 15 మిల్లీగ్రాముల చొప్పున దిగుతుంది. తెల్లారి నాలుగింటికి గుద్దినవాడి రక్తంలో 120 ఉందనుకోండి. పారిపోయి, పడుకుని, స్నానం చేసి, లాయర్‌తో మధ్యాహ్నం రెండింటికి వచ్చాడు. పది గంటలు గడిచాయి. బ్రీత్ అనలైజర్‌లో సున్నా. రక్తం తీసి రెడ్‌హిల్స్ ఫోరెన్సిక్ ల్యాబ్‌కు పంపినా ఏమీ రాదు. ఇక 105 ఎలా పెడతారు? 106(1) పెట్టి స్టేషన్ బెయిల్ ఇస్తారు.

అంటే ఆగి, 108కి ఫోన్ చేసి, క్షతగాత్రుణ్ణి ఆటోలో ఎక్కించినవాడు తాగి ఉంటే దొరికిపోతాడు, రిమాండ్‌కు పోతాడు. పారిపోయినవాడికి సాయంత్రానికి బెయిల్. పారిపోతేనే లాభం అన్నట్టు ఉంది వ్యవహారం. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. గుద్దిన తర్వాత పదిహేను నిమిషాల్లో ఆస్పత్రికి చేరి ఉంటే బతికేవాళ్లను నేను చూశాను.

వంశీ బాబూ, అతను ముందు రోజు రాత్రి ఎక్కడున్నాడో కనుక్కోమని దర్యాప్తు అధికారికి రాతపూర్వకంగా దరఖాస్తు ఇవ్వు. బార్ బిల్లు, యూపీఐ చెల్లింపులు, పార్కింగ్ కెమెరా, ఫోన్ టవర్ లొకేషన్. కెమెరా ఫుటేజీ చాలా చోట్ల కొద్ది వారాలకే చెరిగిపోతుంది. ఇవాళే ఇవ్వు, రసీదు తీసుకో.

మణికొండ_శ్రీలత · సోమవారం, ఉదయం 8:05

సార్, పారిపోతే పదేళ్లు అని కొత్త చట్టం తెచ్చారు కదా? అది ఏమైంది?

టిప్పర్_ఓనర్_ఘట్‌కేసర్ · సోమవారం, ఉదయం 9:30

అది అమల్లో లేదు మేడమ్. 106(2) అంటారు. యాక్సిడెంట్ చేసి పోలీసులకో మేజిస్ట్రేట్‌కో చెప్పకుండా పారిపోతే పదేళ్ల దాకా జైలు. 2024 జనవరి మొదట్లో దేశమంతా డ్రైవర్లు బండ్లు ఆపేసింది దీనికే. హైదరాబాద్‌లో పెట్రోల్ బంకుల ముందు కిలోమీటర్ల కొద్దీ క్యూలు మీకు గుర్తుండే ఉంటాయి. తర్వాత ఫిబ్రవరిలో ఆ ఒక్క సబ్‌సెక్షన్‌ను పక్కన పెడుతూ కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది.

మా డ్రైవర్లు ఎందుకు భయపడ్డారో కూడా వినండి. టిప్పర్ కింద మనిషి పడితే డ్రైవర్ ఆగితే బతకడు. నా దగ్గర పనిచేసే డ్రైవర్ ఒకసారి ఆగాడు. తప్పు ఎవరిదని ఎవరూ అడగలేదు. తల పగిలి కుట్లు పడ్డాయి, ఇప్పటికీ ఎడమ చెవి వినపడదు. పోలీసులు వచ్చి లాగకపోతే అక్కడే పోయేవాడు. మోటార్ వాహనాల చట్టం 134లో కూడా, జనం కోపం లాంటి కారణాలు లేకపోతేనే క్షతగాత్రుణ్ణి ఆస్పత్రికి తీసుకెళ్లాలని ఉంది. అక్కడ నిలబడటం కుదరకపోతే దగ్గరి స్టేషన్‌లో చెప్పాలి, ఎంత ఆలస్యమైనా 24 గంటల్లోపు. నేను మా వాళ్లకు చెప్పేది: దిగి పరిగెత్తినా సరే, పరిగెత్తేది స్టేషన్‌కే.

నాంపల్లి_వకీలు · సోమవారం, ఉదయం 10:15

ఇందులో ఒక తేడా గమనించండి. జనం కొడతారని స్టేషన్‌కు పరిగెత్తినవాడు వేరు, మందు దిగేదాకా దాక్కున్నవాడు వేరు. అమల్లోకి రాని 106(2) కూడా మొదటివాడి జోలికి పోదు. పోలీసులకు వెంటనే చెప్పాడా లేదా అన్నదే దాని లెక్క. దాన్ని పూర్తిగా పక్కన పెట్టడం వల్ల ఈ రెండో రకానికి మేలు జరిగిందని నా అభిప్రాయం. డ్రైవర్ల భయం నిజం. దానికి జవాబుగా, ఫోన్‌లో చెప్పినా చాలు అని స్పష్టంగా రాసి తేవాల్సింది.

క్యాబ్_రాజు_అచ్చంపేట · సోమవారం, మధ్యాహ్నం 1:40

వంశీ అన్నా, మీ బాధ నాకు అర్థమైతుంది. మా వైపు జరిగింది కూడా చెప్తా, తప్పుగా అనుకోవద్దు.

మా తమ్ముడు వాటర్ ట్యాంకర్ నడుపుతాడు. వానలో ఒక బైకు జారి ట్యాంకర్ వెనక టైరు కిందకు పోయింది. ఆ అబ్బాయి చనిపోయాడు. మా తమ్ముడు మందు ముట్టడు, అక్కడే ఆగిండు, బ్రీత్ అనలైజర్ ఊదిండు, సున్నా వచ్చింది. కానీ రోడ్డు మీద ధర్నా కూర్చున్నరు. ధర్నా లేవాలంటే పెద్ద సెక్షన్ పెట్టాలె. పెట్టిండ్రు. రిమాండ్ చేసి చంచల్‌గూడ జైలుకు పంపిండ్రు.

సెషన్స్ కోర్టులో బెయిల్ తొందరగానే వచ్చింది. అయినా బయటికి రాలేదు. ఎందుకంటే ఇద్దరు జామీనుదారులు కావాలె, ఇంటి పన్ను రసీదు గానీ జీతం సర్టిఫికెట్ గానీ ఉండాలె. మేము అచ్చంపేట నుంచి వచ్చినోళ్లం, బోడుప్పల్‌లో కిరాయి ఇల్లు. మాకు సిటీలో ఆస్తి ఉన్న చుట్టం ఒక్కడు లేడు. ట్యాంకర్ ఓనర్ ఫోన్ ఎత్తడం మానేసిండు. బెయిల్ ఆర్డర్ చేతిలో పెట్టుకుని వారాల తరబడి తిరిగినం. ములాఖత్‌కు పోతే, వాడు జాలీ అవతల నుంచి అడిగేది ఒకటే, ‘అన్నా, బెయిల్ వచ్చిందన్నరు గదా?’ అని.

ఆఖరికి ఛార్జిషీట్ వచ్చినప్పుడు చూస్తే 106(1) మాత్రమే ఉంది. పెద్ద సెక్షన్ పోయింది. మరి అన్ని రోజులు వాడు ఏ నేరానికి జైల్లో ఉన్నట్టు? చనిపోయిన పిల్లగాడి తల్లిని తలచుకుంటే నాకూ నిద్ర పట్టదు. కానీ మా తమ్ముణ్ణి లోపల పెట్టడం వల్ల ఆమెకు ఒక్క రూపాయి రాలేదు, కేసు ఒక్క అడుగు ముందుకు పోలేదు.

శ్రీలతక్కా, అందర్నీ తీర్పు దాకా జైల్లో పెట్టాలన్నరు. అట్ల పెడితే లోపల మిగిలేది మా అసొంటోళ్లమే.

మణికొండ_శ్రీలత · సోమవారం, మధ్యాహ్నం 2:25

రాజు గారూ, మీ తమ్ముడికి జరిగింది అన్యాయం. దాన్ని నేను సమర్థించను. తాగనివాడు, ఆగినవాడు జైలుకు పోకూడదు. కానీ తాగి గుద్దినవాడి విషయంలో నేను వెనక్కి తగ్గను. పుణెలో 2024 మే 19న పోర్షే కారు కింద ఇద్దరు ఇంజినీర్లు చనిపోతే, నడిపిన మైనర్‌కు మూడు వందల పదాల వ్యాసం రాయమని బెయిల్ ఇచ్చారు. తర్వాత రక్తం శాంపిల్ మార్చేశారన్న ఆరోపణ మీద డాక్టర్లను, ఆ అబ్బాయి తల్లిదండ్రులను అరెస్టు చేయాల్సి వచ్చింది. డబ్బున్నవాణ్ణి బయట వదిలితే సాక్ష్యం బతకదు. వంశీ గారి ఇంటికి కవర్ పంపింది కూడా బయట ఉన్నాడు కాబట్టే కదా?

పాత_ఖాకీ · సోమవారం, సాయంత్రం 5:00

అమ్మా, మీరన్న కారణమే చట్టంలో అసలైన కారణం. విచారణకు ముందు జైలు అనేది శిక్ష కోసం కాదు. పారిపోతాడనో, సాక్షుల్ని బెదిరిస్తాడనో, ఆధారాలు మాయం చేస్తాడనో, మళ్లీ అదే పని చేస్తాడనో భయం ఉంటేనే. ఆ లెక్కన చూస్తే, శాంపిల్ మార్చేవాడూ, తన బదులు నేరం ఒప్పుకోవడానికి డమ్మీ డ్రైవర్‌ను పంపేవాడూ లోపల ఉండాల్సినవాళ్లు. నా సర్వీసులో డమ్మీలను చూశాను. కారు సీటు ఆరడుగుల మనిషికి సరిపోయేలా వెనక్కి జరిపి ఉంటుంది, లొంగిపోవడానికి వచ్చినవాడి కాలు క్లచ్ దాకా అందదు. సీటును చూసే దొరికిపోయారు కొందరు. పంచనామాలో సీటు పొజిషన్ రాయడం, ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంటే దాని మీద మరకలు ల్యాబ్‌కు పంపడం చిన్న పనులే. చేస్తే కేసు నిలబడుతుంది.

ధర్నా లేవడానికి సెక్షన్ పెంచడం జరిగేదే, నేను కాదనను. అది తప్పు. రోడ్డు మీద ఎంతమంది కూర్చున్నారన్నదాన్ని బట్టి సెక్షన్ మారకూడదు.

నిర్వాహకులు · సోమవారం, సాయంత్రం 5:20

ఒక సభ్యుడు నిందితుడి కారు నంబరు, ఇంటి అడ్రసు పెట్టారు. తొలగించాం. దయచేసి పేర్లు, నంబర్లు వద్దు. చర్చ కొనసాగించండి.

ఉప్పల్_టీచర్ · సోమవారం, రాత్రి 8:45

చాలాసేపటి నుంచి చదువుతున్నాను. ఎవరూ లైసెన్సు మాట ఎత్తలేదు. వంశీ గారి చిన్నాయనను గుద్దిన వ్యక్తి ఇప్పుడు కారు నడుపుతున్నాడా? నాకు అన్నిటికన్నా టెన్షన్ అదే. జైల్లో ఉన్నాడా లేడా అన్నది తర్వాత. రేపు పొద్దున మా స్కూల్ ముందు నుంచి అతను బండి నడుపుకుంటూ పోతే?

2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. అదే ఏడాది జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క ప్రకారం జైళ్లలో ఉన్న ప్రతి నలుగురిలో ముగ్గురు విచారణ ఖైదీలే. ఇంతమందిని తీర్పు లేకుండా లోపల పెట్టినా రోడ్లు ఇలాగే ఉన్నాయి. ప్రాణం పోయిన కేసులో తాగిన ఆధారం ఉన్నా, పారిపోయినా, విచారణ ముగిసేదాకా స్టీరింగ్ పట్టుకోకూడదని బెయిల్ షరతు పెట్టాలి. దానికి జైలు గది అక్కర్లేదు, జామీను అక్కర్లేదు. పేదవాడికీ డబ్బున్నవాడికీ ఒకటే.

క్యాబ్_రాజు_అచ్చంపేట · సోమవారం, రాత్రి 9:10

టీచర్ గారూ, ఒకటే కాదండీ. డబ్బున్నాయన డ్రైవర్‌ను పెట్టుకుంటడు. మాకు లైసెన్సు పోతే పొయ్యి వెలగదు. అయినా తాగినోడికి, పారిపోయినోడికి మాత్రమే అంటే నేను ఒప్పుకుంటా. జైలు కన్నా అది నయమే.

నాంపల్లి_వకీలు · సోమవారం, రాత్రి 10:30

రాజు గారూ, మీ తమ్ముడి లాంటివాళ్ల కోసం చట్టంలో దారి ఉంది, చాలామందికి తెలియదు. బెయిలబుల్ కేసులో అరెస్టయిన వారం లోపు పూచీకత్తు ఇవ్వలేకపోతే అతన్ని పేదవాడిగా భావించి సొంత బాండు మీద వదలాలి. ఇది అరెస్టు, బెయిల్ పద్ధతులు చెప్పే కొత్త చట్టం, నాగరిక్ సురక్షా సంహిత 478లో ఉంది. నాన్ బెయిలబుల్ కేసులో బెయిల్ వచ్చి వారమైనా విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంట్ జిల్లా న్యాయసేవాధికార సంస్థకు తెలపాలని 2023 జనవరి 31న సుప్రీంకోర్టు ఆదేశించింది. వాళ్లు షరతులు తగ్గించమని కోర్టును అడుగుతారు, ఫీజు ఉండదు. 1978లోనే మోతీరాం కేసులో ఒక తాపీ మేస్త్రీని పదివేల జామీను అడగడం మీద జస్టిస్ కృష్ణయ్యర్ తీవ్రంగా స్పందించారు. వేరే జిల్లా జామీనుదారుణ్ణి కాదనడాన్నీ తప్పుపట్టారు. అచ్చంపేటలో మీ బంధువు భూమి కాగితాలు చెల్లవని ఎవరైనా అంటే ఆ తీర్పు చూపించండి.

టీచర్ గారి మాటతో నేను ఏకీభవిస్తాను. బెయిల్ షరతుగా డ్రైవింగ్ వద్దనమని ప్రాసిక్యూటర్ గట్టిగా అడగాలి. అడగరు, ఎందుకంటే బాధిత కుటుంబం తరఫున కోర్టులో ఎవరూ ఉండరు.

నాగోలు_వంశీ · మంగళవారం, ఉదయం 11:15

అందరికీ కృతజ్ఞతలు. పాత ఖాకీ గారు చెప్పినట్టు దరఖాస్తు రాసి ఇచ్చాను, రసీదు తీసుకున్నాను. ముందు తీసుకోమన్నారు, నిలబడితే తీసుకున్నారు.

రాజు అన్నా, మీ తమ్ముడి సంగతి చిన్నమ్మకు చదివి వినిపించాను. ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, ‘ఆ పిల్లగాడు ఆగిండు గదా. మనోడి దగ్గర ఆగలేదు. నాకు కావలసింది ఆ లెక్క తేలడమే’ అంది. నేనూ అక్కడికే వచ్చాను. అతన్ని ఇప్పుడే లోపల వేయాలన్న కోపం నాలో పోలేదు. కానీ ఆ రాత్రి ఏం జరిగిందో బయటికి రావాలి, ఆ వచ్చినదాన్ని బట్టి సెక్షన్ పడాలి.

వకీలు గారూ, మూడు సంగతులు చెప్పండి. తాగినట్టు ఆధారం దొరికితే ఇప్పుడైనా సెక్షన్ మార్చవచ్చా? రాజీకి రమ్మని మళ్లీ వస్తే ఏం చేయాలి? చిన్నమ్మకు ఇద్దరు పిల్లలు, నష్టపరిహారం కేసు దీనితో ముడిపడి ఉంటుందా?

నాంపల్లి_వకీలు · మంగళవారం, మధ్యాహ్నం 3:40

మార్చవచ్చు. దర్యాప్తు అధికారి కోర్టులో మెమో వేసి 105 చేర్చవచ్చు. అప్పుడు పాత స్టేషన్ బెయిల్ అతన్ని కాపాడదు, కోర్టు అనుమతితో అరెస్టు చేయవచ్చు. అతను బెయిల్ పిటిషన్ వేస్తే మీ మాట కూడా వినమని అడిగే హక్కు మీకుంది. లఖింపూర్ ఖేరీలో రైతుల మీదకు వాహనాలు ఎక్కించిన కేసులో 2022లో సుప్రీంకోర్టు, బాధితులను వినకుండా ఇచ్చిన బెయిల్‌ను రద్దు చేస్తూ ఆ సంగతి చెప్పింది. ప్రాసిక్యూటర్‌కు తోడుగా మీ వకీలును పెట్టుకోవచ్చు. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో తొంభై రోజుల్లోపు పోలీసులు మీకు తెలపాలి.

రాజీ: ఈ నేరం చట్టప్రకారం రాజీ పడదగినది కాదు. ఇంట్లో మీరు ఏ కాగితం మీద సంతకం చేసినా కేసు దానంతట అది పోదు. పోయేది ఎప్పుడంటే, సాక్షులు కోర్టులో మాట మార్చినప్పుడు. మళ్లీ వస్తే తేదీ, టైము రాసుకోండి, గేటు దగ్గర కెమెరా ఉంటే ఫుటేజీ ఉంచండి. బెదిరింపు ఉంటే బెయిల్ రద్దుకు సెషన్స్ కోర్టుకో హైకోర్టుకో వెళ్లవచ్చు.

పరిహారం పూర్తిగా వేరే కేసు, మోటార్ ప్రమాదాల ట్రిబ్యునల్‌లో. శిక్ష పడిందా, బెయిల్ వచ్చిందా అన్నదానితో సంబంధం లేదు. ఎవరి తప్పని నిరూపించనక్కర్లేకుండా మోటార్ వాహనాల చట్టం సెక్షన్ 164 కింద మరణానికి ఐదు లక్షలు అడగవచ్చు. తప్పు నిరూపిస్తే సెక్షన్ 166 కింద ఆయన సంపాదన, వయసు, ఆధారపడినవాళ్లను బట్టి ఎక్కువ వస్తుంది. మీ కేసులో రెండోదే మంచిది, రెండూ కలిపి రావు. ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు వేయాలని చట్టంలో ఉంది, ఆగకండి. నడిపినవాడు తాగి ఉన్నాడని తేలితే బీమా కంపెనీ చేతులెత్తేస్తుందని భయపడి కొందరు ఆ విషయం దాస్తారు. అవసరం లేదు. ముందు మీకు చెల్లించి, తర్వాత కారు ఓనర్ నుంచి రాబట్టుకోమని కోర్టులు కంపెనీలకు చెబుతూనే ఉన్నాయి.

పాల డిపోలో ఆయనకు జీతం ఇచ్చిన లెక్క, చేతిరాత పుస్తకం అయినా సరే, దాని కాపీ ఈ వారంలోనే తీసుకోండి. ఎఫ్ఐఆర్, పోస్ట్‌మార్టం రిపోర్టు, ఎంవీఐ (మోటార్ వెహికల్ ఇన్‌స్పెక్టర్) రిపోర్టు కాపీలతో కలిపి తెండి. గురువారం మధ్యాహ్నం తర్వాత నేను కోర్టులోనే ఉంటాను. ప్రైవేట్ మెసేజ్ పెట్టండి.

మణికొండ_శ్రీలత · మంగళవారం, సాయంత్రం 4:05

వంశీ గారూ, పిటిషన్ వేసే రోజు చెప్పండి. చిన్నమ్మగారితో పాటు కోర్టుకు నేనూ వస్తాను.